జాగ

ఘలా క్యాంపు, పదకొండో రూము.
ఆరు మంచాలు, మూడు కింద, మూడు మీద.
తలుపు మీద టీవీ,
టీవీ వెనక వైరుకు వేలాడుకుంట
అగ్గిపెట్టె కంటె జర పెద్ద డబ్బా.
రువీల పాతది కొన్నం,
తలా రెండు రియాళ్లు ఏసుకొని.

శుక్రవారం పొద్దుగాల
బట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి
స్క్రీను మీద అదే మాట:
జాగ లేదు.

డబ్బా మీద ఎనిమిది అని రాసుంటది.
లోపలికి పోయి చూస్తే
నాలుగున్నర తన తిండికే కోసుకున్నది.
"ఏజెంటు చెప్పిన జీతం తీర్గనే ఉన్నది గదా"
అన్నడు పోశెట్టి, మొఖం నిండ సబ్బు నురుగుతోని.

ఏసీ డక్టుల దుమ్ము గుంజేటోణ్ణి నేను,
అందుకే రిమోటు నాకిచ్చిన్రు.
మొదలు కాష్ తుడిచిన.
మనం చూసి మరిచినయన్నీ
అది మరువకుంట దాసుకున్నది.
అంతా ఊడ్చినా వచ్చిన జాగ
బువ్వల ఉప్పురాయంత.

ఇగ లొల్లి.
క్రికెట్టు తీసేస్త అంటే పోశెట్టి కొట్టవచ్చె.
నమాజు వేళలు చెప్పేది కాశీం భాయ్‌ది,
దాని జోలికి ఎవ్వలు పోలే.
"నా నేపాలీ వార్తలు తీసేయ్ భాయ్"
అన్నడు తుల్ బహదూర్, తనంతట తనే.
ఆ మాటతోని అది కూడ తీయబుద్ధి కాలే.

అప్పుడు లచ్చన్న పరుపు కింద చెయ్యి పెట్టి
ఎర్ర పెన్‌డ్రైవు తీసిండు. ముప్పై రెండు.
గుచ్చంగనే అడిగింది డబ్బా:
దీన్ని నా సొంతం చేసుకోనా?
లోపలున్నదంత పోతది.
ఇగ మీద నాకు తప్ప
ఇంకే డబ్బాకు ఇది పనిజెయ్యది.

చదివి వినిపిచ్చిన.
"కఫీల్ కాగితమే గదరా"
అన్నడు కాశీం భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి.
నవ్వినం.
పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాల ఉన్నోళ్లు
ఎట్ల నవ్వుతరో అట్ల.

లోపల ఏమున్నదంటే లచ్చన్న నాలుగో బోరు.
మూడు ఎండినంకనే గదా ఆయన ఈడికొచ్చింది.
నాలుగోది వేస్తుంటే బామ్మర్ది ఫోనుల తీసిండు,
ఆరు ముక్కలుగ, చెయ్యి వణుక్కుంట.

ఫోన్లు అందరియి నిండే ఉన్నయి.
తలా ఒక్క ముక్క దాసుకుందామన్న.
పోశెట్టి గెలిచిన మ్యాచులు తీసేసిండు.
కాశీం భాయ్ తెగిపోయిన చిట్టీ లెక్కలు.
నేను మత్రా సైటుకాడి సెల్ఫీలు,
వెనక సముద్రం, నెత్తి మీద హెల్మెటు.
నైట్ డ్యూటీ చేసి పండుకున్న సాయిలు
బొటనవేలు పట్టుకొని ఆయన ఫోను మేమే తెరిచినం.
తుల్ బహదూర్ మీది మంచం ఎక్కి
గోడ దిక్కు తిరిగి చానాసేపు ఏందో తీసేసిండు.
ఏందని అడుగలే.
నాలుగో ముక్క ఆయనకు.

వొత్తిన.
డబ్బా పెద్దదైంది, నడక మాత్రం మెల్లగైంది.
ముక్కలు మల్ల ఎక్కిద్దామనుకున్నం.
ఈ శుక్రవారం కాదు వచ్చే శుక్రవారం,
ఎండాకాలం వచ్చె, డ్యూటీలు తెల్లారుజాముకు మారె.

తుల్ బహదూర్‌కు ఎగ్జిట్ పడ్డది.
రాత్రి పదింటికి చెప్పిన్రు, మూడింటికి బండి.
అప్పడాల ప్యాకెట్టు, సగం సబ్బు,
చెప్పుల జత మాకిచ్చి పోయిండు.
ముక్క సంగతి ఎవ్వలకూ యాదికి లేదు.
ఆ నంబరు ఇప్పుడు కలుస్తలేదు.

లచ్చన్నకు బుద్ధైనప్పుడు
ఫోన్లు వరుసగ చాప మీద పెట్టి ఆడిస్తం.
బోరుబండి వస్తది. కొబ్బరికాయ కొడతరు.
తెల్ల దుమ్ము.
మల్ల దుమ్ము, ఈసారి కొంచెం ఎర్రగ.
"ఆపుండ్రి ఇగ, మూడువందల ఇరవై అయింది"
అని ఎవరో అంటుంటె ఫోను ఆగిపోతది.

పక్క ఫోనుల అందరు తడిసి ఉంటరు.
లచ్చన్న పెండ్లాం కొంగు పిండుకుంట నవ్వుతది.
ఒక పిల్లగాడు బురదల జారి లేస్తడు.

నీళ్లు నేపాల్ల ఉన్నయి.

ఆ నడుమ జాగల పోశెట్టి
బుగ్గలు ఉబ్బిచ్చి బుస్సుమంటడు.
"గంత కాదు, ఇంక మీదికి లేచినయి"
అంటడు లచ్చన్న ప్రతిసారి.
ఆయన కూడ చూసింది వీడియోలనే.