ఖాళీ బండి, లోడు బండి

హార్బరు గేటు కాటా దగ్గర నా ఉద్యోగం.
లారీ ఖాళీగా ఎక్కుతుంది, నిండుగా ఎక్కుతుంది,
తేడా ఎంతో అదే సరుకు.
నవలలక్కూడా నాది ఇదే లెక్క.

ఈ నెల అందరూ ఎగబడి కొన్న ప్రేమ నవల,
మన బీచ్ రోడ్డు మీదే కథంతా.
సముద్రంలోకి కుంగే సూర్యుణ్ణి చూస్తూ
నాయిక నాలుగు పేజీలు ఏడ్చింది.
అమ్మా రచయిత్రీ, విశాఖలో పొద్దు
నీళ్లలోంచి లేస్తుంది,
కొండల వెనక పడుకుంటుంది.
ఆ పిల్ల కన్నీళ్లు నమ్మడం నావల్ల కాలేదు.

హత్య కథ బాగానే పరిగెత్తింది.
నలభయ్యో పేజీలో అందరూ టీ తాగారు, వంటవాడు తప్ప.
అక్కడే దొరికిపోయాడు.
అయినా బొగ్గు దుమ్ములో చివరిదాకా చదివాను,
రెండుసార్లు తూకం తప్పు రాసి
సూపర్వైజరు చేత తిట్లు తిన్నాను.
అది పుస్తకానికి మెప్పో కాదో తెలీదు.

మూడు సంపుటాల రాజుల కథ,
ఎన్ని గుర్రాలో!
ఒక్కటీ పేడ వెయ్యలేదు.

పూర్ణా మార్కెట్ వెనక అద్దె పుస్తకాల ఎర్నమ్మ
"ఇదెవలూ అట్టుకెల్లట్లేదు, నువ్ సదివి సెప్పు" అని
అట్ట ఊడిన సన్నటిదొకటి చేతిలో పెట్టింది.
అందులో ఏమీ జరగదు.
ఒకావిడ కుట్టుమిషను బాగుచేయించుకోడానికి
వారం రోజులు తిరుగుతుంది, అంతే.

రాత్రి షిఫ్టు దిగి జ్ఞానాపురం మీదుగా నడిచొస్తుంటే
ఏదో కిటికీలోంచి మిషను చప్పుడు.
ఆగిపోయాను.
బాగయినట్టుంది.

"ఎలాగుందేటి?" అంది ఎర్నమ్మ.
తూకం చెప్పలేకపోయాను.
ఇంకో వారానికి అద్దె కట్టాను.