గోతం తరుగు

సంచుల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఇరవై రెండేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో
కమిషన్ కొట్టు గుమాస్తాని.
కొత్త గోతానికీ, మూడుసార్లు తిరిగొచ్చిన గోతానికీ
వాసనలోనే తేడా పట్టేస్తాను.
మూతి ఎన్ని కుట్లకి బిగుస్తుందో,
ఎంత దట్టిస్తే కాయ విరుగుతుందో,
తూకంలో గోతం తరుగు ఎంత కొయ్యాలో
అన్నీ వేళ్ళ మీదే.

మనిషి పట్టే సంచి మాత్రం
మొన్న ఆదివారమే చూశాను,
బెజవాడలో, బీసెంట్ రోడ్డు పక్క సందులో,
చెప్పుల కొట్టు మీదికి మేడమెట్లెక్కి.

పొద్దుటి నడకలో కలిసే పోస్టాఫీసు అంకినీడు గారు
ఈసారి కొండలకి నన్నూ రమ్మన్నారు.
ఆరు రోజుల నడక, మూపున మూట, రాత్రికి గుడారం.
"స్లీపింగ్ బ్యాగ్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి" అన్నారు,
బంతికి ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకోమన్నట్టు.

నా బడ్జెట్ రెండు వేలు.
నా తూకం తొంభై నాలుగు.
రెండూ కలిపి చెబితే
కౌంటర్లో షాహీనా అనే అమ్మాయి నవ్వలేదు.
అది నాకు నచ్చింది.

మొదట తీసినదాని పేరు మమ్మీ అట.
భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం,
ముఖం చుట్టూ బిగించడానికో తాడు.
కొట్టు నేల మీదే పరిచి "పడుకుని చూడండి సార్" అంది.
పడుకున్నాను.
జిప్పు బొజ్జ దాకా వచ్చి ఆలోచనలో పడింది.
చేతులు పక్కలకి అతుక్కుపోయాయి.
పైన ఫ్యాను, చుట్టూ నిలబడి చూసే నలుగురు,
ఇంక నాలుగు పూలు చల్లితే సరి.
"తీసెయ్యమ్మా" అన్నాను.

రెండోది బాతు ఈకలది.
నొక్కితే పిడికెడు, వదిలితే పొంగిన పూరీ.
ధర చీటీ తిప్పి చూశాను.
ఆ డబ్బుకి బాతుల్నే కొనుక్కుని
మధ్యలో పడుకోవచ్చు.

మూడోదాని మీద మైనస్ ఐదు అని రాసుంది.
"ఇది నిద్ర పట్టే అంకె కాదు సార్, ప్రాణం నిలిచే అంకె.
నిద్ర కావాలంటే పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చూడాలి"
అందా పిల్ల, యజమానికి వినపడకుండా.

ఎన్ని వేల పట్టీలు రాసిన చెయ్యి ఇది!
ఏ రైతుకైనా ఒక్కసారి
చిన్న అక్షరాలు చదివి వినిపించానా?

"మీరెలా పడుకుంటారు సార్?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు.
సీజన్లో లారీ వచ్చేదాకా కొట్లోనే నడుం వాల్చేవాణ్ణి,
టిక్కీల వరసకీ వరసకీ మధ్య.
సందు ఎంతుంటే నేనంత.
ఘాటుకి తుమ్మితే రెండు మోచేతులూ గోతాలకి తగిలేవి.
ఒళ్ళు అలా నిటారుగా ఉండటం మరిగింది.
ఇంట్లో డబుల్ కాట్ మీద కూడా
అంచున పడేసిన నిచ్చెనలా ఉంటానంటుంది మా సుభాషిణి.

"పక్కకి తిరిగి" అన్నాను, "మోకాళ్ళు ముడుచుకుని."
అబద్ధం.

అప్పుడు వెళ్ళి లోపలి గదిలోంచి తెచ్చింది.
ఇటుక రంగు, నలుపలకలది, కిందటేటి సరుకు.
జిప్పు మొత్తం విప్పితే దుప్పటి.
లోపల ఈక లేదు, గొప్ప లేదు, ఉత్త పాలిస్టరు.
పద్దెనిమిది వందల యాభై.
"మొయ్యడానికి బరువే సార్. చోటు కావాలంటే
బరువు ఒప్పుకోవాలి మరి."

దూరాను. పక్కకి తిరిగాను.
మోకాలు కొంచెం లేపాను. దేనికీ తగల్లేదు.
ఇంకొంచెం లేపాను.
కింద చెప్పుల కొట్లో ఎవరో ముప్పై రూపాయల దగ్గర
పట్టు విడవకుండా బేరమాడుతున్నారు.
ఆ బేరం తెగేదాకా అందులోనే ఉండిపోయాను.

సోమవారం, ఊరుకోలేక, యార్డుకి పట్టుకెళ్ళి
కాటా మీద పెట్టాను.
రెండు కిలోల వంద.
అలవాటుగా తరుగు రాయబోయిన పెన్సిలు
కాగితం మీద చుక్క పెట్టి ఆగింది.

హమాలీ గాలయ్య తలపాగా సర్దుకుంటూ వచ్చి
బట్టని చిటికెతో నలిపి చూశాడు.
"ఇందులో ఏం పడుద్ది బాబూ?"

"నేను" అన్నాను.
"మోకాళ్ళతో సహా."