పిడికిలి లెక్క

మొదటి దినం మూడో హోల్ కాడ
బొటనవేలు, చిటికెనవేలు చాపి
నడిమి మూడు మడిచి
నా ముంగట చెయ్యి ఊపిండు.
ఫోన్ అడుగుతుండనుకున్న.
జేబులకెళ్లి తీసి చేతిల పెట్టిన.
ఫోన్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
నవ్విండు.
నాలుగు దినాలల్ల నవ్వింది గదొక్కసారే.
బ్యాగులకెళ్లి తనే గుంజుకుండు
ఆరో నంబరు ఐరన్.

గట్ల ఎరుకైంది
వాళ్ల దేశంల ఆరు ఒక్క చేత్తోనే అయిపోతదని.
ఎనిమిదంటే పిస్తోలు.
తొమ్మిదంటే బాయిలవడ్డ బొక్కెన తీసే గాలం.
ఏడంటే మూడు వేళ్ల కొసలు ఒక్కతాన చేర్చుడు,
నెయ్యిల ఉప్పు రుచి చూసినట్టు.

నేను నర్సప్పను. క్యాడీ నంబరు పదిహేడు.
మోతీ దర్వాజ అవుతల నుంచి
పొద్దుగాల అయిదింటికి నడిచొస్త.
ఆయన పేరు లూ వెన్‌బో అని కాయితంల రాసిచ్చిన్రు.
బ్యాగు మీద మటుకు మూడు బొమ్మలే.
ఒకటి రేకుల ఇల్లు లెక్క,
ఒకటి నిచ్చెన లెక్క,
ఇంకోటి ఎంత చూసినా ఏదీ కాలే.

బ్యాగు పక్కల కంపెనీల పేర్లు కుట్టిన జాగాలున్నయి,
పేర్లు లేవు. సూది బెజ్జాలు,
తెంపంగ మిగిలిన దారం పోగులు.
పట్టీకి మటుకు విమానం చీటీలు గుత్తులు గుత్తులు.
ఒక్కటి చింపలే.
ఆయన నీళ్లు తాగినప్పుడల్ల ఒకటి సదివిన:
దోహా. జకార్తా. మారిషస్.
ఒకటి వానల తడిసి అక్షరాలు పోయింది.
అది యాడిదో ఆయనకు గుర్తుండదా?
అడగలే.

మూడో దినం పదకొండో హోల్ కాడ
ముంగటి జట్టు బంతి ఎతుకుతున్నది.
నెమళ్లు బండల మీదికెళ్లి అరుస్తున్నయి.
లంటానా పొదల పక్కన కూసున్నం.
కర్ర మొదలు పట్టినప్పుడు ఏజెంత అని
నా మోకాలంత ఎత్తు చెయ్యి పెట్టి అడిగిన.
ఉప్పు రుచి చూసిండు. ఏడు.
పిల్లలా? ఒక వేలు.
ఆ వేలు దించకుంట శానాసేపు దిక్కే చూసుకుంట ఉన్నడు.
ఎన్ని దేశాలన్న.
బ్యాగు పట్టీ దిక్కు గడ్డం ఊపిండు.

గెలిచినవెన్ని అన్న.
అడగద్దుండె.
చెయ్యి లేపిండు,
వేళ్లన్ని మడిచి
మూసిన పిడికిలి చూపిచ్చిండు.
నేను నేల చూపులు చూసిన.
బ్యాగు గొలుసు పెట్టే ఉన్నదా లేదా అని
ఉన్నదాన్నే మల్ల పెట్టిన.

గోల్కొండల కింద చప్పట్లు కొడితె
మీద బాలాహిస్సార్‌ల ఇనవడ్తదని
టూరిస్టులకు గైడ్లు కొట్టి చూపిస్తరు.
ఆఖరి దినం ఆఖరి హోల్ల
పద్దెనిమిది అడుగుల కాడికెళ్లి
బంతి అంచు మీద ఆగి, సోంచాయించి, లోపట పడ్డది.
నలభయ్యొకటో నంబరు ఆటగాడాయన.
ఇద్దరు మాలీలు, స్కోరు రాసే పోరి, నేను.
నలుగురం కొట్టిన చప్పట్లు
కోట దాంక ఏం పోతయి,
నీళ్ల ట్యాంకర్ దాంక పోలే.
ఆయన టోపీ తీసిండు, వేలమంది ఉన్నట్టు.

రాత్రి పదకొండింటికి శంషాబాద్‌కెళ్లి విమానం.
పైసలు రెండు చేతులతోని ఇచ్చిండు,
తల వంచి,
నేనే ఏదో ఇస్తున్నట్టు.

ఇగ పోయిన వారం సంగతి.
జగదీశ్ మార్కెట్ల ఫోన్‌కు అద్దం ఏపిస్తున్న.
దుకాణం ముజ్తబా భాయ్
సరుకుకు ఏడాదికి రెండు మార్లు చైనా పోయొస్తడు.
లెక్కలు చూపియ్యమన్న.
ఒకటికెళ్లి షురు చేసిండు. పిస్తోలైంది, గాలమైంది,
ఆఖరికి పిడికిలి మూసిండు.
పది, అన్నడు.
మల్ల తనే నసిగిండు:
ఒక్కో ఊర్ల ఒక్కో తీరు భాయ్,
ఉత్త చెయ్యి అనబట్టి కూడ గట్లనే పట్టేటోళ్లున్నరు.

పదా, ఏం లేదా?
గుప్పిట మూసినంత సేపే గుట్టంటరు.
ఆయన దాన్ని గట్లనే మూసుకోని
ఏ దేశంల దిగిండో,
ఎవడు మోస్తుండో ఆ చీటీల బ్యాగు.

కొత్త అద్దంల నా మొఖం చూసుకున్న.
ఎవ్వలన్న ఇప్పుడొచ్చి ఆరో ఐరన్ అడిగితె
ముందుగాల
ఫోనే ఇస్త.