ఎడమకు వాలిన ముద్ర

కుషిరో నగర నీటి సరఫరా ఆఫీసులో
చేరిన తొమ్మిదో రోజున
నా కాగితం తిరిగొచ్చింది.
లెక్క తప్పలేదు, తేదీ తప్పలేదు.
నా పేరు ముద్ర నిటారుగా ఉంది, అదీ తప్పు.

మినెగిషి గారు పక్కకు పిలిచి చూపించారు:
ఆరు గడులు. ఎడమ చివరిది డైరెక్టరుది.
కుడి చివర, మూలన, నాది.
"ముద్ర కాస్త ఎడమకు వాలాలమ్మా,
పై అధికారికి తల వంచినట్టు.
ఏ రూల్లోనూ లేదు. అందుకే మర్చిపోకూడదు."

ఆ మధ్యాహ్నమంతా చిత్తుకాగితాల మీద
ఎర్రసిరాతో వంగడం నేర్చుకున్నాను.
మరీ వాలితే తూలిపడినట్టుంటుంది,
చాలకపోతే పొగరున్నట్టు.
గడియారంలో పదకొండుకీ పన్నెండుకీ నడుమ
ఎక్కడో ఉంది మర్యాద.

ఫిబ్రవరిలో చేపల రేవు నుంచి
హత్సుయో అనే ఆవిడ వచ్చింది, రబ్బరు బూట్లతో.
మంచుకు గొట్టం పగిలి
మూడు వారాలు నేల కిందే పారిన నీళ్లకి
రెండు నెలల పెన్షనంత బిల్లు.
తగ్గించమని అర్జీ.
నేనే రాశాను. నేనే ముద్ర వేశాను, వాల్చి.

కాగితం గడి గడికీ ఆగుతూ పోయింది.
ఒకరికి జలుబు. ఒకరు సప్పోరోలో శిక్షణకి.
ఎవరూ కాదనలేదు;
కాదనడానికి అందులో గడి లేదు.
ఎవరూ అవుననీ అనలేదు;
కుడివాళ్లు చూసే పంపారు కదా అని ఎడమవాళ్లు,
ఎడమవాళ్లు ఎలాగూ చూస్తారు కదా అని మేము.
ఆవిడ నాలుగుసార్లు వచ్చింది.
నాలుగుసార్లూ "పరిశీలనలో ఉందండీ" అన్నాను.
ఆ గొంతు నాది కాదు, బల్లది.

ముప్పై ఏడో రోజున మంజూరైంది.
హత్సుయో దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని
బూట్ల తడి నేలమీద వదిలి వెళ్లిపోయింది.

ఫైల్లో పెట్టబోతూ చూశాను:
ఐదు పేర్లు, అచ్చుగుద్దినట్టు ఒకే వాలు.
డైరెక్టరు గారిది మాత్రం నిటారు.
దాని కింద మేయరు ఆఫీసుకు వెళ్లిన జాబితా.
అందులో కుడి మూల గడిలో ఆయన పేరు,
నాకంటే వంగి.

ఇందరం ఎటు వాలుతున్నామో చూద్దామని
కాగితం ఎడమ అంచుదాకా వేలు జరిపాను.
అక్కడ రెండు కంతలున్నాయి,
దారం ఎక్కించడానికి.

పోయినేడాది ముద్రలు రద్దయ్యాయి.
సిరా డబ్బాలు అట్టపెట్టెలో ఎటో పోయాయి.
ఇప్పుడు తెరమీద ఒక్క బటన్, 'ఆమోదం'.
దానికి వాలు లేదు.
నొక్కేముందు నా మెడ,
ఎవరూ చూడకపోయినా,
పదకొండుకీ పన్నెండుకీ నడుమకి
మెల్లగా వెళ్లొస్తుంది.