పద్దెనిమిదో నిమిషం

చిక్‌పేట సందులో మూడడుగుల వాచీల కొట్టు.
తెల్లారుజామున నేను కాఫీ గ్లాసులతో వెళ్ళేసరికి
షట్టరు సగం ఎత్తి,
విరిగిన గొడుగు కమ్మిని ఏరియల్‌కి కట్టి,
రేడియో చెవి మెలిపెడుతుండేవాడు వన్నూరప్ప.

టిక్కు. టిక్కు. టిక్కు.
ఏ దీవి నుంచో నీళ్ళ మీద నడిచొచ్చిన సెకండ్లు,
కొన్ని తడిసి, కొన్ని అలిసి.
"యాభైతొమ్మిదోది కొట్టదు, విను.
నిమిషం మారేముందు గుక్క తిప్పుకుంటాది."

ఐదూ పద్దెనిమిదికి తుఫాన్ల సంగతి మొదలయ్యేది.
ఆ ఇంగిలీషులో మాకు అందేవి అంకెలే:
ఉత్తరం ఇరవైరెండు, పడమర నూట అరవై,
గాలి యాభై, అల ఇరవై అడుగులు.
రిపేరు చీటీల మీద రాసుకునేవాడు.
ముందువైపు: హెచ్చెమ్టీ, బ్యాలెన్స్ విరిగింది, నలభై రూపాయలు.
వెనకవైపు: సముద్రం.

"నువ్వు చూసినావా సముద్రాన్ని?"
"యాడప్పా, మా కళ్యాణదుర్గంలో చెరువే నిండదు."
"మరెందుకు రాయడం?"
కంట్లో భూతద్దం తీయకుండానే అన్నాడు:
"ఎవరో ఒకరు రాసుకోవాల గదా."

ఓడ మీద పనిచేసే యశ్వంతపురం కుర్రాడొకడు
సెలవుకొచ్చి, ఆగిన వాచీ ఇచ్చాడు.
వెనక మూత తీస్తే
పళ్ళచక్రాల సందుల్లో తెల్లగా ఉప్పు.
వన్నూరప్ప గోటితో రవ్వంత గీకి
నాలిక మీద పెట్టుకున్నాడు.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత చీటీల కట్ట విప్పి
"ఏ తారీకున ఆగింది? ఏ దిక్కున ఉన్నారప్పుడు?"

కుర్రాడు నవ్వాడు.
"అంతా శాటిలైటే కదా అంకుల్,
రేడియో ఎవరు వింటారు?"
కట్టకి రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి
శనివారం రమ్మన్నాడు.

కొన్నాళ్ళకి ఆ నిమిషాల్లో మాట ఆగిపోయింది.
టైం చెప్పే గొంతు ఉంది గానీ
గాలి ఊసెత్తదు.
అయినా ఐదూ పద్దెనిమిదికి పెన్ను మూత తీసేవాడు,
తీసి ఊరికే పట్టుకునేవాడు,
కాఫీ మీద మీగడ కట్టేదాకా.

కొట్టిప్పుడు నాది.
ఫోన్లు బాగుచేస్తాను. వాటి టైం అవే తెచ్చుకుంటాయి.
నిన్న స్క్రూ కోసం సొరుగు వెతుకుతుంటే
కట్ట దొరికింది. పైచీటీ తిప్పాను.
ముందువైపు: గోడ గడియారం, గంట కొట్టడం లేదు.
వెనకవైపు, వంకర అక్షరాల్లో:
ఈ పొద్దు తుఫాన్లు లేవు.
కిందే, కొంచెం ఎడంగా:
మంచిది.