మిగిలిన రెండు

తలుపు వేసెయ్ గ్విలిమ్. కాస్త సందిచ్చావంటే
పటగోనియా దుమ్మంతా ఈ పెట్టెల మీదే పడుకుంటుంది.
కూర్చో. మాతే కాచాను, చేదుగానే తాగు.
చక్కెర అడిగినవాళ్ళని మా అమ్మ గడప దిగమనేది.

ఇదిగో, పొద్దున నువ్వడిగిన గీత.
పదకొండూ నలభై రెండు దాకా చదునుగా వచ్చి
ముల్లులా లేచి
మళ్ళీ ఏమీ ఎరగనట్టు పడుకుంది చూడు.
నీ రెప్పపాటులో వెయ్యో వంతుండదు దాని వెడల్పు.
సరిగ్గా అప్పుడే
ఎగువన వంతెన పని దగ్గర తవ్వే యంత్రం ఒకటి
నలభై రంగుల్లో ముప్పై ఎనిమిదింటిని కొరికేసింది.
రెండు మాత్రం ఎస్కెల్ వైపు నుంచి, వేరే దారిన వచ్చి కలిసేవి.
అవి బతికి బట్టకట్టాయి.

బతికినవాటికి ఏం భయం అంటావా?
అక్కడే పొరబడతారు అందరూ.

ఈ చుట్టలో ఎర్బియం ఉందే, అది వంటమనిషి.
గొర్రెబొచ్చు కత్తిరించే ముఠాలకి వండిపెట్టిన
మా పిన్ని ఎర్మెలిందా లాంటిది.
నలభై మందికి వండి, గరిటె పట్టుకు నిలబడుతుంది.
వచ్చింది ఇద్దరేనని దానికెవరు చెప్పాలి?
వండిందంతా ఆ రెండు కంచాల్లోకే.
తినండి, తినండి.
ఉబ్బిపోయిన ఆ వెలుగు పక్క గుడిసెకి వెళ్తుంది,
అక్కడ ఇంకో ఎర్మెలిందా.
ఆ తరవాత ఇంకొకతె.
పదకొండో గుడిసె దాటేసరికి
చివర కూర్చున్న కన్ను
చీకటికి కాదు, వెలుగుకి గుడ్డిదవుతుంది.

అందుకే గుమ్మంలోనే ఈ బుల్లి కన్ను పెట్టాం.
వచ్చే వెలుగులో నూటికొక పాలు రుచి చూసి
"జనం తగ్గారు" అని పంపు లేజర్ చెవిన వేస్తుంది.
ఈలోగా అసలు వెలుగుని ఒక తీగచుట్టలో తిప్పుతుంటాం,
వాకిట్లో చుట్టాన్ని మాటల్లో పెట్టినట్టు.
లోపల పొయ్యి తగ్గించడానికి ఆ కాస్త వ్యవధి చాలు.

చాలదు, నిజానికి.
మంట తీసేసినా గిన్నె వేడి గిన్నెదే.
పది మిల్లీసెకన్లు, ఎర్బియం అంత తొందరగా మరిచిపోదు.
నువ్వు తప్పనుకున్న ముల్లు అదే.
తప్పని లాగ్‌లో రాయకు.

మేం నలుగురం, నీకు తెలీదు.
కొమొదోరో రేవు నుంచి వెళ్ళిన పడవ
ముగ్గురన్నలతో తిరిగి రాలేదు. నాకప్పుడు పధ్నాలుగు.
ఆ రాత్రి నుంచి నాలుగు దుప్పట్లూ నా మీదే.
నాలుగు గుడ్లూ నా కంచంలోనే.
బడి నుంచి పావుగంట ఆలస్యమైతే
రోడ్డు మీదికొచ్చి కేకేసేది:
లిసాండ్రో, ఓమర్, ఫావియో,
చిట్టచివరికి, నెలిదా.
ఊపిరాడేది కాదు.
అమ్మ గుమ్మంలో ఎవరూ బుల్లి కన్ను పెట్టలేదు మరి.
మనిషి అలికిడి లేని ఈ మైదానంలో
నాకు ఉద్యోగం ఎందుకు నచ్చిందని అడిగావు కదా మొన్న.

సరే. రేపు మధ్యాహ్నం తీగ అతుకుతారు.
ముప్పై ఎనిమిదింటినీ ఒక్కసారి రానివ్వకు.
పోయినప్పుడెంత ప్రమాదమో వచ్చినప్పుడూ అంతే.
అన్ని ఖాళీ కడుపులు ఒక్క బంతిలో కూర్చున్నాయంటే
ఇన్నాళ్ళూ నిలబడ్డ ఈ రెండూ పస్తుంటాయి.
నాలుగేసి చొప్పున పిలువు.
మధ్యలో గీత చూడు. చదునైతేనే తరవాతివి.

కెటిల్ దించు, గుడ్డతో పట్టుకో.

ఆదివారం నేనుండను, కొమొదోరో వెళ్తున్నాను.
ఎనభై దాటినా నాలుగే ఉడకబెడుతుంది, తెలుసు.
ఇదివరకు కంచం తోసేసేదాన్ని.
ఈసారి రెండు తింటాను.
మిగిలిన రెండూ జేబులో వేసుకొస్తాను, నీకు.