శని, ఐతారాలు మార్కెట్ బందు

శుక్రారం పొద్దుగూకినంక దిగినం
ఎనుమాముల గేటు కాడ, ముప్పై ఒక్క మిర్చి బస్తాలతోని.
జెండా పాట అయిపోయిందట. ఇగ సోమారమే.
"రెండొద్దులు పట్నం సూసుకుంట ఉండుండ్రి"
అన్నడు అడ్తి గుమాస్తా, పండ్లల్ల పుల్ల పెట్టుకుంట.
మరి బస్తాలు ఎవలు సూడాలె?
వంతులేసుకున్నం. శనారం నాది, ఐతారం నీది.
పైసలు నీ కొంగుకు ముడేసి ఉన్నయ్,
తిరుగు కిరాయికి సరిపోను.
ఆ ముడి ఇప్పొద్దనుకున్నం.

నడిసే పోయిన, నడిసే వచ్చిన.
రాత్రి బస్తాల మీద పండుకోని నీకు చెప్పిన:

ఓదెమ్మా, వెయ్యి స్తంభాల గుడిల రూపాయి అడుగరు.
చెప్పుల కాడనే అడుగుతరు.
నీయి తెగిన చెప్పులు, ఎవలెత్కపోరు, గోడ పక్కకు ఇడువు.
లోపట ఒక నల్ల రాయి ఉన్నది, అద్దం లెక్క.
వంగి సూస్తె నా మొఖమే వచ్చింది, మాసిన గడ్డంతోని.
ఇంట్ల అద్దం పగిలినప్పటి సంది
నన్ను నేను సూసుకోనే లేదు.
నువ్వు సూసుకో.
ఎనక నుంచి ఎవలన్న తోసినా జరసేపు నిలవడు.

కోటకు పో. తోరణాల కాడ టికెట్ అంటరు.
కంచె బయట నిలవడితె
అవే తోరణాలు, అదే ఎత్తు,
హంసలు మాత్రం పిచ్చుకలంత.
అయినా సూసేది అది గాదు.
రాజులు తిరిగిన జాగల, మట్టికట్ట లోపట,
ఎవలో మక్క ఏసిండ్రు!
మోకాలెత్తు ఉంది. సుడులల్ల కత్తెర పురుగు.
గట్టు మీద కూసోని
ఏం మందు కొట్టినవే అని ఆ రైతును అడిగిన.
గంటసేపు చెప్పిండు.
దానిక్కూడ ఏం తీసుకోలే.

గ్రంథాలయంల ఫ్యాను ఊకె తిరుగుతది, కుర్చీలు ఖాళీ.
పేపర్ల మిర్చి ధర పడ్డది. సదివిన.
మడతలు పాడుగాకుంట మల్ల అట్లనే పెట్టిన.
అదెంతో నీకు చెప్పలే, నువ్వు అడుగలే.

టేషన్ కాడి వంతెన మీద రైళ్లు లెక్కవెట్టిన,
పద్నాలుగు.
ఒకదాంట్ల ఎవలో పోరడు చెయ్యి ఊపిండు
నాకో, నా ఎనకాల ఇంకెవలికో.
నేను గూడ ఊపిన. ఊపుతె ఏం పోతది?

ఐతారం నువ్వు పోయినవు.
నేను మిర్చి ఘాటుకు తుమ్ముకుంట
మన బస్తాలను పక్కోళ్ల బస్తాలతోని పోల్చుకుంట కూసున్న.
నాలుగు దాటినంక వచ్చినవు.

రాయిల మొఖం సూసుకున్నవా?
"లే."
కోట?
"లే."
మరింత సేపు ఏడ వడ్డవే?

"భద్రకాళమ్మ గుడి కాడ నల్లా ఉంది.
మోచేతుల దాక పెట్టిన దాని కింద.
నెల దినాల కాయ తెంపిన మంట ఉండె.
ఒక ముసలామె నల్లా బందు చెయ్యొచ్చి
నా చేతులు సూసి ఊకున్నది.
ఇగ నీడకు ఒక స్తంభానికి ఒరిగిన.
కన్నంటుకున్నది.
ఎంతసేపో.
ఎవలూ ఓదెమ్మా అని పిలువలే."

నేను వెయ్యి స్తంభాలు సూసొచ్చిన.
నీకు ఒక్కటి సరిపోయింది.

సోమారం పొద్దుగాల జెండా లేసింది.
మన వరుస దాక గుంపు రాకముందే
ధర దిగుడు మొదలువెట్టింది.
హమాలికి ఇంత, దడువాయికి ఇంత, చాటకింత.
తాలు అని మూడు బస్తాలు పక్కకు గుంజిండ్రు,
నీ చెయ్యి ఒక్కపాలి లేసి మల్ల దిగింది.

గుమాస్తా చిట్టీ రాసుకుంట, తల ఎత్తకుంట అడిగిండు:
"ఏందే, పట్నం సూసిండ్రా?"

నేను నోరు తెరువకముందే నువ్వన్నవు,
కొంగు ముడి ఇప్పుకుంట:
"మంచిగుంది సారూ.
వచ్చే యేడు గూడ శుక్రారమే వస్తం."